ట్రై చేస్తానక్కా

అమలాపురం,
12 ఏప్రిల్ 2024.

దుర్గా,

అక్క దీవెనలు. మీ ఇంట్లో అందరూ కులాసాగా ఉన్నారనుకుంటాను. కులాసాగా లేనిదాన్ని ఈ కుటుంబానికి నేనొక్కదాన్ని చాలు.

ముక్తేశ్వరానికీ అమలాపురానికీ మధ్య పొద్దస్తమానం ఆటోలు తిరుగుతుంటే ఈ ఉత్తరమేమిటని నవ్వుకోకు. ఫోను చేస్తే నువ్వు ఏడుస్తావు. నువ్వు ఏడుస్తుంటే నేను ఓదారుస్తాను. జబ్బు నాది, ఓదార్పు నీకు. ఏ సంగతీ తేలకుండానే ఫోను పెట్టేస్తాం. పైగా డయాలసిస్ మంచం మీద గంటల తరబడి పడుకోవాలి. ఎడమ చేతికి సూదులు గుచ్చుతారు, కుడి చెయ్యి ఖాళీ. ఇన్నేళ్ళు ఇంగ్లీషు పాఠాలు చెప్పిన చెయ్యి, ఎవరి తప్పులో ఒకరివి దిద్దకపోతే దానికి తోచదు. అందుకని నీకు రాస్తున్నాను. సింహాద్రి ఆటోలో పంపుతున్నాను, జవాబు కూడా అతనికే ఇచ్చి పంపు.

అసలు సంగతి. నీ రక్తం నాకు కలిసింది. డాక్టరుగారు, "మీ చెల్లెలుగారిది చక్కగా సరిపోయిందండి, అదృష్టవంతులు" అన్నారు. ఆయనకి నీ సంగతి తెలియదు కదా. మీ బావగారిది కలవలేదు. అమ్మది కలిసింది గాని అరవై ఆరేళ్ళ మనిషి. అయినా ఆరోగ్యంగా ఉన్నారు కాబట్టి ఆవిడ కిడ్నీ తీసుకోవచ్చన్నారు. అమ్మ ఆ మాట వినీ వినగానే, "తీసేసుకోండి బాబూ, నాకింకెందుకు" అంది, పెరట్లో గుమ్మడికాయ కోసి ఇచ్చినంత తేలిగ్గా. వద్దన్నది నేనే. ఎందుకంటే నువ్వు ఆసుపత్రి వరండాలో నా చెయ్యి పట్టుకుని, "అమ్మనెందుకు కష్టపెట్టడం, నేను ట్రై చేస్తానక్కా" అన్నావు.

ఆ మాట గురించి కాస్త పాఠం చెప్తాను, విను. ట్రై అంటే చెయ్యబోవడం. మూసిన తలుపు తొయ్యడం ట్రై. తోస్తే తెరుచుకుంటుంది, లేకపోతే తెరుచుకోదు. తొయ్యకుండా గుమ్మం ముందు నుంచుని ట్రై చేస్తున్నాను టీచర్ అంటే ఆరో తరగతిలో కూడా నేను మార్కులు వెయ్యను. తక్కిన పరీక్షలకి నువ్వు విశాఖ రావాలి. ఎప్పుడు వస్తావో రాయి. ఏ వారమైనా సరే.

అక్క,
జ్యోతిర్మయి.


ముక్తేశ్వరం,
25 ఏప్రిల్ 2024.

ప్రియమైన అక్కకి,

నీకూ బావగారికీ మా అందరి నమస్కారాలు. నీ ఉత్తరం చదివి దేవుడి గదిలో పెట్టేను. అందులో నువ్వు నన్ను దెప్పిన మాటలున్నా సరే, నీ చేతిరాత చూస్తే నాకు ప్రాణం లేచొచ్చింది.

ట్రై చెయ్యకుండా ఎలా ఉంటానక్కా. పొద్దున్న లేచిన దగ్గర్నుంచీ అదే ట్రైలో ఉన్నాను. మీ మరిదిగారితో చెప్పేను. "దానికేం, మీ అక్క కాకపోతే ఎవరు, ట్రై చేద్దాం" అన్నారు. ఆయన పేరుకి పెదబాబే గాని మనసు పసివాడిది, నీకు తెలుసు. మా అత్తగారే కొంచెం భయపడుతున్నారు. "నడుం కోసుకున్న మనిషి మళ్ళీ వంగి పొయ్యి ఊదగలదా" అంటారు. ఇంట్లో పొయ్యి ఎక్కడుంది, గ్యాసేగా. కాని మా అత్తగారు పెద్దింట్లమ్మగారితో వాదించిన వాళ్ళెవరున్నారు చెప్పు.

సిద్ధాంతిగారిని అడిగితే ఈ నెలాఖరు నుంచి శుక్ర మూఢం అన్నారు. మూఢంలో అద్దె ఇల్లు కూడా మారం కదక్కా. ఒంట్లో ఉన్నది ఇంకో ఒంట్లోకి మార్చడమంటే మాటలా. మూఢం వెళ్ళగానే తప్పకుండా ట్రై చేస్తాను.

కాలవలు కట్టేసేరు, చెరువు అడుగంటింది. ఎండలు మండిపోతున్నాయి. నువ్వెలా తట్టుకుంటున్నావో అని మన తోటలోవి రెండు గెలల బొండాలు సింహాద్రి ఆటోలో వేయించేను. రోజుకి రెండు తాగు, ఒంటికి చలవ. రవితేజ దగ్గరుండి దింపించేడు. వాడి డిగ్రీ అయిపోయింది. నీ దగ్గరుండి ఇంటర్ చదివిన రోజులే ఇప్పటికీ తలుచుకుంటాడు. పెద్దమ్మ వండిన పనసపొట్టు కూర ముందు నా కూర కూరే కాదట.

నీ చెల్లి,
విజయదుర్గ.


అమలాపురం,
9 మే 2024.

దుర్గా,

బొండాలు అందాయి. నన్ను చంపడానికి ఇంత శ్రమ పడాలా.

నా జబ్బుకి బొండాం నీళ్ళు విషం. కిడ్నీ పనిచెయ్యని ఒంట్లో అవి గుండెను పట్టుకుని ఆపేస్తాయి. నీ ఎదురుగానే డాక్టరుగారు చెప్పారు, నువ్వప్పుడు కళ్ళు తుడుచుకుంటున్నావు. కోనసీమలో పుట్టి బొండాం నీళ్ళు తాగకూడని జబ్బు తెచ్చుకున్న దౌర్భాగ్యురాలిని నేనేనేమో. చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళూ చంకలో ఓ బొండాంతో దిగుతున్నారు. నిర్మల అని ఇక్కడో నర్సుంది, గుమ్మంలోనే లాక్కుంటుంది. నీ రెండు గెలలూ వార్డులో తోడొచ్చిన వాళ్ళందరూ తాగారు. మీ చెల్లెలుగారు ఎంత మంచివారండీ అన్నారు. ఆయ్, చాలా మంచిదండి అన్నాను.

మూఢం సంగతి రాశావు. నా కిడ్నీలు ముహూర్తం పెట్టుకుని ఆగిపోలేదు.

ఈ మధ్య పడుకుని మనవాళ్ళ మాటల గురించి ఆలోచిస్తున్నాను. మనవాళ్ళు లేదు అనరు. డబ్బాలో బియ్యం అయిపోతే అమ్మ నిండుకున్నాయంటుంది. దీపం ఆరిపోతే కొండెక్కిందంటుంది. సంబంధం నచ్చకపోతే మొహం మీద చెప్పరు. కాఫీ ఇచ్చి, అరిసెలు పొట్లం కట్టి, "ఆయ్, కబురు చేస్తామండి" అని వీధి చివరిదాకా వెళ్ళి సాగనంపుతారు. ట్రై అన్న మాట ఇంగ్లీషు వాళ్ళ నోట ఎలా పుట్టినా మన గోదావరి దాటి వచ్చాక ఈ మర్యాదల్లో కలిసిపోయింది. ఎవరైనా మనతో ట్రై చేస్తానంటే మనం ఇంక వాళ్ళని అడగం, అడగకూడదని తెలుసు. సంబంధం వాళ్ళయితే అర్థం చేసుకుని లేచి వెళ్ళి ఇంకో పిల్లని చూసుకుంటారు. నాకు ఇంకో చెల్లెలు లేదు. అందుకని అర్థం చేసుకోవడం మానేసి ఇక్కడే కూర్చున్నాను.

అమ్మ రోజూ అడుగుతోంది, నాది తీసుకోమంటావా అని. దుర్గ ఇస్తుందమ్మా అంటున్నాను. నా చేత ఎన్నాళ్ళు ఈ మాట అనిపిస్తావో నువ్వే రాయి.

జ్యోతి.


ముక్తేశ్వరం,
3 జూన్ 2024.

అక్కా,

ట్రై చేశాను. నువ్వు నమ్మినా నమ్మకపోయినా చేశాను. కిందటి మంగళవారం ఎవరికీ చెప్పకుండా అమలాపురం వచ్చి, విశాఖ కంటే ముందు అక్కడ చూపించుకుందామని, మొదట రక్తం ఇచ్చిన ల్యాబులోనే కూర్చున్నాను. నా పేరు పిలిచేలోగా చెమటలు పట్టేసేయి. బీపీ చూసి, "ఇవాళ వద్దమ్మా, స్థిమితంగా ఉన్నప్పుడు రండి" అన్నారు. నీ గుమ్మం దాకా వచ్చి తిరిగి వెళ్ళిపోయేను. ఆ మొహంతో నీకు ఎదురుపడలేకపోయేను.

బొండాల విషయం నాకు తెలియలేదక్కా. ప్రేమతో పంపిన వాటి గురించి అంత మాట అన్నావు.

ఇంకో సంగతి. రాయకూడదనుకున్నాను గాని మనసు ఆగలేదు. కూరలమ్మే చిట్టెమ్మ మొన్న మా వీధిలో అందరి ముందూ అంది, "మీ బావగారు మీరు నాటకాలాడుతున్నారంటున్నారంట కదండీ" అని. బావగారి నోట అలాంటి మాట వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. మా అత్తగారు విన్నారు. అప్పట్నుంచీ ఈయనకి కూడా మనసు విరిగిపోయింది. ఇలాంటి మాటలు పడి ఇంకా ఎందుకు వెళ్ళాలంటున్నారు. నేను సర్దిచెప్తున్నాను.

అమ్మదయితే ఇంట్లో ఎవరికీ ఇబ్బంది ఉండదు కదా అని మా అత్తగారన్నారు. నేను అనలేదు, ఆవిడన్నారు.

మూఢం వెళ్ళగానే ఆషాఢం వస్తుంది. అది కూడా దాటనీ. శ్రావణంలో తప్పకుండా ట్రై చేద్దాం.

దుర్గ.


అమలాపురం,
16 జులై 2024.

దుర్గా,

నిన్ను నాటకాలాడుతున్నావన్నది మీ బావగారు కాదు. ఆయన బజారు మొహం చూసి నెలలైంది. నా మంచం, వంటిల్లు, ఈ రెండే ఆయన లోకం. ఆ మాట అన్నది నేను. చిట్టెమ్మతోనే అన్నాను, ముక్తేశ్వరంలో కూరలతో పాటు దాన్ని కూడా దింపుతుందని తెలిసే అన్నాను. పేరు మార్చి దింపింది, అంతే తేడా. కాబట్టి ఆయన మీద అలగకు, నా మీద అలుగు.

అమ్మకి గుండెనొప్పి వచ్చిన రోజు నువ్వు వచ్చావు, చూశావు, ఏడ్చావు. స్టెంటు వేశారు, ప్రాణం దక్కింది, నువ్వు ముడుపు కట్టి వెళ్ళిపోయావు. తర్వాత సంగతి నీకు తెలియదు. డాక్టరుగారు నన్ను పిలిచి, "ఇంక అమ్మగారి కిడ్నీ ఆలోచన వదిలెయ్యండి" అన్నారు. అమ్మ పక్క మంచం మీంచి వింది. నా వైపు తిరిగి, "పనికిరాకుండా పోయానే తల్లీ" అంది. క్షమాపణ చెప్పుకున్నట్టు చెప్పింది దుర్గా. కన్నతల్లి చేత ఆ మాట అనిపించుకున్నాను.

ఏప్రిల్లో అమ్మ పనికొచ్చేది. ఇప్పుడు పనికిరాదు. ఈ మధ్యలో జరిగిందేమిటంటే నువ్వు ట్రై చేశావు. నువ్వు ఏప్రిల్లోనే కుదరదని ఉంటే నేను ఒక రోజు ఏడ్చి రెండో రోజు అమ్మకి సరేననేదాన్ని. నీ మాట నాకు ఇవ్వాల్సింది ఇవ్వలేదు, ఉన్నది కూడా తీసుకుపోయింది.

నువ్వు ఇవ్వాలని రూలేమీ లేదు. నీ ఒళ్ళు నీది. అడగడం నా వంతు, ఇవ్వననడం నీ వంతు. నీ వంతు నువ్వు కానివ్వు. కాగితం మీద ఇవ్వను అని రాసి సింహాద్రికి ఇయ్యి. వారానికి మూడుసార్లు సూది పొడిపించుకుంటూ నీ శ్రావణం కోసం కాచుకోవడం నా వల్ల కాదు. పేరు రాయించుకుని ఎవరో చనిపోయిన వాళ్ళ కిడ్నీ కోసం ఎదురుచూస్తాను. వాళ్ళు నన్ను మర్యాదగా చంపరు.

జ్యోతి.


ముక్తేశ్వరం,
11 ఆగస్టు 2024.

అక్కా,

ఇవ్వను.

రాసేశాను. రాసి వారం రోజులు బీరువాలో బట్టల కింద పెట్టేను. ఇప్పుడు మిగిలింది రాస్తున్నాను.

ఆసుపత్రి వరండాలో నీ చెయ్యి పట్టుకున్న రోజే నాకు తెలుసు, ఇవ్వనని. అందరూ భయమనుకుంటున్నారు. అనుకోనిచ్చేను. భయం ఉంది గాని ఇవ్వనిది అందుకు కాదు.

నేను హాస్టల్లో ఉండగా నాన్నగారికి ఇంగ్లీషులో ఉత్తరం రాస్తే నువ్వు దాన్ని ఎర్ర ఇంకుతో దిద్ది నాకే తిప్పి పంపేవు, గుర్తుందా. నా పెళ్ళిచూపుల్లో నేను తడబడితే అందరికంటే ముందు నవ్వింది నువ్వే. ఇప్పుడు చావుబతుకుల్లో ఉండి కూడా నాకు ట్రైకి అర్థం చెప్పేవు. నీకు నేనెప్పుడూ తప్పు రాసిన కాగితాన్నే.

ఈ నాలుగు నెలలూ నువ్వు నా కోసం ఎదురుచూసేవు. నా జన్మలో మొదటిసారి. సింహాద్రి ఆటో మా వీధిలో ఆగగానే, "అక్క రాసింది" అనేదాన్ని, ఈయనా అత్తగారూ పనులాపి నా మొహం కేసి చూసేవారు. ఊళ్ళో ఎవరు కనిపించినా ఏమన్నారమ్మా, ఇస్తున్నారా అని నన్నే అడిగేవారు. ఈ ఇంట్లో నన్ను ఇంతకుముందు ఎవరూ ఏదీ అడగలేదు. ఇచ్చేస్తే ఒక్క రోజుతో అయిపోతుంది. ఇవ్వనంటే అదీ ఆ రోజుతోనే అయిపోతుంది. ట్రై చేస్తానంటే అయిపోదు. ఆ మాటకి నాకు తెలిసిన అర్థం ఇది. నీ పుస్తకాల్లో ఉందో లేదో.

అమ్మ విషయంలో మాత్రం నేను పాపం చేశాను. అది నాకు తెలుసు.

గోదావరి పెరిగి లంకల్లోకి నీళ్ళొచ్చేయి. ఆటోలు సరిగ్గా తిరగడం లేదు. రవి అమలాపురం వస్తానంటే వాడికే ఇచ్చి పంపుతున్నాను, కవరు అంటించేను.

దుర్గ.


అమలాపురం,
6 సెప్టెంబరు 2024.

దుర్గా,

నీ ఉత్తరం బాగుంది. వెటకారం కాదు. నీ చేతి నుంచి వచ్చిన మొదటి నిజమైన ఉత్తరం ఇది, ఇందులో ఎర్ర ఇంకు పెట్టవలసిన చోటు ఒక్కటీ లేదు. నువ్వు నా గురించి రాసినవన్నీ నిజమే. నీకు నేను మంచి అక్కను కాను. అయినా దానికి శిక్ష ఇంత ఉంటుందని అనుకోలేదు.

రవి నా ఎదురుగా కూర్చుని ఉండగా చదివాను. "అమ్మ ఏం రాసింది పెద్దమ్మా" అన్నాడు. నేను చెప్పలేదు. ఉత్తరం వాడి చేతిలో పెట్టాను.

రెండుసార్లు చదివి మడత పెట్టాడు. లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చాడు. "నాది కలుస్తుందేమో చూడమను" అన్నాడు. నేను అడగలేదు, దేవుడి మీద ఒట్టు. ఉత్తరం ఇవ్వడం వరకే నేను చేసిన పని. ఇస్తే ఏమవుతుందో తెలియక ఇచ్చానని మాత్రం నీకు అబద్ధం రాయలేను.

కలిసింది. చెల్లెలి కొడుకు కాబట్టి పైన కమిటీ వాళ్ళ అనుమతి కావాలట. వాళ్ళు వాడిని ఒంటరిగా కూర్చోబెట్టి ఎవరైనా బలవంతం చేశారా అని అడిగారు. "లేదండి, ఇస్తానండి" అన్నాడట. ఇంతకంటే ఇంకో మాట అనలేదని వాళ్ళే మీ బావగారితో చెప్పారు. ట్రై అనే మాట నిండిన ఇంట్లో పెరిగినా వాడికి అది పట్టుబడలేదు.

ఇప్పుడు వాడు మా ఇంట్లోనే ఉన్నాడు. నేను వండలేను గాని మీ బావగారి చేత పనసపొట్టు కూర చేయించాను.

జ్యోతి.


ముక్తేశ్వరం,
14 సెప్టెంబరు 2024.

అక్కా,

నీ కాళ్ళు పట్టుకుంటాను. వాడిని వదిలెయ్యి.

నేను ఇస్తాను. మూఢం లేదు, ఆషాఢం లేదు, ఎవరినీ అడగను. విశాఖ ఎప్పుడు రమ్మంటే అప్పుడు వస్తాను. బీపీకి మాత్రలు మొదలుపెట్టేను. అత్తగారు అడ్డం పడితే ఆవిణ్ణి దాటుకుని వస్తాను. ఈయన కూడా ఒప్పుకున్నారు. నేను ఏది రాసినా నమ్మవని తెలుసు, కాని ఇది నమ్ము. ఇస్తానక్కా.

రవి నా ఫోను ఎత్తడం లేదు. ఈయన మీ ఇంటికి వస్తే గుమ్మంలోకి కూడా రానివ్వకుండా, "నాన్నా, మీరు వెళ్ళండి" అన్నాడట. నీకు చేస్తే బావగారు ఎత్తి, పడుకుందమ్మా అంటున్నారు. వాడికి ఇరవై రెండేళ్ళక్కా. ఇంకా పెళ్ళి కాలేదు, ఉద్యోగం లేదు. ఒక కిడ్నీ అంటే ఎవరు పిల్లనిస్తారు. రేపు వాడికేమన్నా అయితే నేను ఆ రెండోదాన్నెక్కడ్నుంచి తెచ్చి పెట్టను.

నీ మాట అంటే వాడికి వేదం. నువ్వు ఒక్కసారి వద్దురా అంటే లేచి ఇంటికి వచ్చేస్తాడు. నా మీద కోపం నా మీదే తీర్చుకో. నన్ను కోయించు. వాడిని వద్దను.

నీ దుర్గ.


విశాఖపట్నం,
4 అక్టోబరు 2024.

దుర్గా,

నీ ఉత్తరం అందిన రోజే జవాబు రాసి చింపేశాను. తర్వాత నాలుగు రాసి చింపాను. ఇది పంపుతాను.

నువ్వు ఇస్తానన్న సంగతి డాక్టరుగారికి చెప్పాను. ఆయన సంతోషించారు. "తల్లిగారైతే మంచిదేనండి, కుర్రాడిది కుర్రాడికి ఉంటుంది. ఆవిడ పరీక్షలకి మూడు వారాలు పడుతుంది, అంతవరకూ మీరు ఆగొచ్చు" అన్నారు. మీ బావగారు చేతులు జోడించి, ఆగుదాం జ్యోతీ అన్నారు. నేను ఆగనన్నాను.

నువ్వు అబద్ధం రాశావని కాదు. ఇప్పుడు నువ్వు నిజంగానే ఇద్దామనుకుంటున్నావు. కాని రవి ఇల్లు చేరి, నీ ఎదురుగా పీట వేసుకుని రెండు పూటలు అన్నం తిన్నాక, నీ కడుపు చల్లబడ్డాక, నేను మళ్ళీ నీకు ఎర్ర ఇంకు పెట్టే అక్కనే అవుతాను. అప్పుడు నీకు మళ్ళీ బీపీ వస్తుంది. నిన్ను తప్పు పట్టడం లేదు. ఒక్కసారి నమ్మి అమ్మ ఇవ్వబోయిన కిడ్నీని పోగొట్టుకున్నాను, రెండోసారి నమ్మడానికి నా దగ్గర ఎవరూ మిగల్లేదు.

వాడికి నీ ఉత్తరం చూపించలేదు. పోయినసారి చూపించిన దాన్ని ఈసారి ఎందుకు చూపించలేదో నీకు నేను విప్పి చెప్పక్కర్లేదు. నువ్వు ఇస్తానన్నావని తెలిస్తే వాడు మెత్తబడతాడు. వద్దురా అని నేను ఒక్క మాట అంటే లేచి బస్సెక్కుతాడు, అదీ తెలుసు. ఆ మాట నాలుక చివరికి వస్తోంది. మింగేస్తున్నాను. నిన్న వాడు నా కాళ్ళ దగ్గర కూర్చుని, నొప్పెడుతుందా పెద్దమ్మా, కోసినప్పుడు తెలుస్తుందా అని అడిగాడు. భయపడుతున్నాడు. తెలియదురా నాన్నా, మత్తిస్తారు అన్నాను. అప్పుడు కూడా వద్దనలేదు.

నాకు బతకాలని ఉంది దుర్గా. ఇంత సిగ్గులేకుండా ఉంటుందని నేనెన్నడూ అనుకోలేదు. పిల్లాపీచూ లేనిదానివి, ఎవరి కోసం అని అడిగేవాళ్ళున్నారు. ఎవరి కోసమూ కాదు. పొద్దున్నే లేచి బడికి వెళ్ళాలని ఉంది. కొలుచుకోకుండా చెంబెడు మంచినీళ్ళు తాగాలని ఉంది. అందుకు నీ కొడుకుని కోస్తారని తెలుసు, తెలిసే సంతకం పెట్టాను.

ఆపరేషను దసరా వెళ్ళిన సోమవారం. ఆదివారం సాయంత్రానికి నువ్వు ఇక్కడ ఉండు. నా గదికి రావక్కర్లేదు, మనిద్దరికీ మాట్లాడుకునేదేమీ లేదు. వాడు కళ్ళు తెరిచేసరికి తల్లి కనిపించాలి. వచ్చేటప్పుడు వాడికి రెండు మెత్తటి లుంగీలు తీసుకురా, పాతవైనా ఫర్వాలేదు. కుట్లు మానేదాకా ప్యాంటు బిగుతు ఓర్చుకోలేడట.

అక్క.